పొయ్యి ఆమెది, మిద్దె ఆయనది... గొట్టం ఎవరిది?

పొద్దు పొడవక ముందు మా పల్లెలో ఏ మిద్దె ఎక్కి చూసినా ఒకే దృశ్యం. నీళ్ల ట్యాంకులు, డిష్ గొడుగులు, ఆరబెట్టిన చింతపండు, వాటి మధ్య అక్కడక్కడా బూడిదరంగు సిమెంటు గొట్టాలు. కింద ఇళ్లలో పొయ్యిలు రాజుకునే వేళ అది. పొగ మాత్రం గొట్టాల్లోంచి రాదు. వాకిలి పైభాగం నుంచి, కిటికీ చువ్వల మధ్య నుంచి, తలుపు సందుల్లోంచి వస్తుంది. లోపల ఉన్న మనిషి కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చి, రెండు గుక్కలు మంచి గాలి పీల్చుకుని మళ్లీ లోపలికి పోతుంది. ఆ మనిషి ఎప్పుడూ ఆడమనిషే.

మా ఇంటి మీద కూడా అలాంటి గొట్టం ఒకటి ఉంది. నేను హైస్కూల్లో ఉండగా సర్కారు పథకం కింద వచ్చింది. ఒక మేస్త్రీ వచ్చి ఒక పూటలో మట్టి పొయ్యి కట్టి, మిద్దెకు బొక్క పెట్టి, గొట్టం దించి పోయాడు. మొదటి ఏడాది ఇంటికొచ్చిన చుట్టాలందరికీ మా అమ్మ ఆ పొయ్యిని చూపించేది. రెండో ఏడాదికి పొగ మళ్లీ ఇంట్లోకే వచ్చింది. పొయ్యి చెడిపోయిందని అనుకున్నాం. చెడిపోయింది పొయ్యి కాదు, గొట్టంలో మసి పేరుకుంది. మిద్దెక్కి ఒకసారి లోపలికి తొంగిచూసి ఉంటే తెలిసిపోయేది. ఇంట్లో నలుగురం ఉన్నాం. ఒక్కరమూ చూడలేదు. అమ్మ మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆ పొయ్యి ముందే కూచుంది.

గవాచి పోయిన ఇల్లు

మా అనంతపురం పాత ఇళ్లు మట్టి మిద్దెలు. రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆపైన మట్టి, అన్నింటికీ పైన చవుడు. వానలకు ముందు బండ్ల మీద చవుడు తోలుకొచ్చి మిద్దె మీద పరవడం మగవాళ్ల పని. పరవకపోతే మిద్దె కారుతుంది. ఆ మిద్దెలో పొయ్యికి కాస్త పక్కగా మూరెడు బొక్క ఒకటి ఉండేది. దాని పేరు గవాచి, పుస్తకాల భాషలో గవాక్షం. వెలుగు అందులోంచే దిగేది, పొగ అందులోంచే ఎక్కేది. చినుకు పడిందంటే ఇంట్లో ఎవరో ఒకరు పరుగున పైకెక్కి దాని మీద బండ కప్పాలి.

గవాచి పొగను లాగదు. పోయే పొగను పోనిస్తుంది, అంతే. అందుకే పాత వంటిళ్లలో దంతెలు నల్లగా నిగనిగలాడేవి. ఆ పొగకు చెదలూ పురుగూ దూరంగా ఉండేవి కాబట్టి విత్తనానికి దాచిన జొన్న కంకుల్ని పొయ్యి పైనే వేలాడదీసేవాళ్లు. కరువు నేలలో విత్తనం కాపాడుకోవడం చిన్న సంగతి కాదు, ఆ మేలును తక్కువ చేయలేను. కానీ అదే పొగ కింద రోజూ రొట్టెలు తట్టిన మా జేజికి యాభై దాటకముందే చూపు మసకబారింది. వయసు మీద పడిందన్నారు అందరూ. వంటింటి పొగ వల్ల వచ్చే జబ్బుల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేటప్పుడు ఊపిరితిత్తుల జబ్బులు, గుండెజబ్బు, పక్షవాతంతో పాటు కంటి శుక్లాలను కూడా ప్రస్తావిస్తుంది. అది చదివిన రోజు జేజి కళ్లు గుర్తొచ్చి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

తర్వాత స్లాబు వచ్చింది, పక్కా ఇళ్ల పథకాలు వచ్చాయి. కారడం ఆగింది, చవుడు తోలే బాధ తప్పింది. అది పెద్ద ఊరట. అయితే స్లాబుకు గవాచి లేదు. ఇల్లు మారింది కానీ పొయ్యి మారలేదు. అవే మూడు పొయ్యిగడ్డలు, అదే కంప, పైన మాత్రం సందు లేని సిమెంటు. ఒక్కగది ఇంట్లో మంచమూ పొయ్యీ ఒకేచోట. వందల ఏళ్లుగా పొగకు ఉన్న ఒక్క దారిని మూసేసి, దానికి బదులు ఏమిటన్నది ఇల్లు గీసినవాళ్లు ఆలోచించలేదు. ఈ కథలో నాకు అన్నింటికంటే కోపం తెప్పించేది ఇదే.

హైదరాబాదులో పుట్టిన పొయ్యి

పొగను పట్టి బయటికి పంపే పొయ్యి గురించి తెలుగునేల మీద ఆలోచన చాలా ముందే జరిగింది. హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితో కట్టుకునే పొగలేని పొయ్యికి రూపమిచ్చి, 1953లో దాని మీద ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం వేశారు. లక్షలాది ఇళ్లకు పొగలేని వంటిల్లు అన్నది ఆ పుస్తకం పేరులోనే ఉంది. లేబొరేటరీ పేరులోని తొలి అక్షరాలు కలిపి ఆ పొయ్యిని ‘హెర్ల్ చుల్హా’ అన్నారు. ఆనకట్టల గురించీ కట్టడాల గురించీ ఆలోచించాల్సిన చోట ఒక ఇంజినీరు వంటపొయ్యిని తన లెక్కల్లోకి తెచ్చుకోవడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. ఆయన పేరు మన బడి పుస్తకాల్లో ఉండాల్సింది.

అంతకు కొంచెం ముందు, 1947లో, వార్ధాలోని మగన్‌వాడీలో ‘మగన్ చుల్హా’ తయారైంది. 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అమూల్య రెడ్డి మొదలుపెట్టిన ‘అస్త్ర’ బృందం తర్వాతి కాలంలో మూడు పాత్రల ‘అస్త్ర ఒలె’ను తెచ్చింది. ఒలె అంటే కన్నడంలో పొయ్యి. మడకశిర వాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు, వాళ్లకు తుమకూరు జిల్లా పక్కిల్లే.

ఈ పొయ్యిలన్నింటిలోనూ ఉన్న ఉపాయం ఒకటే. నిప్పు చుట్టూ గోడ కట్టి, కట్టె పెట్టే నోరు ఒక్కటే తెరిచి ఉంచాలి. వేడిగాలి తేలిక, పైకి పోతుంది. అది నిలువు గొట్టంలో ఎక్కుతుంటే కింద ఖాళీ ఏర్పడి, పొయ్యినోటి నుంచి కొత్త గాలి లోపలికి దూసుకొస్తుంది. గొట్టం ఎంత ఎత్తుగా, లోపల ఎంత వేడిగా ఉంటే లాగుడు అంత ఎక్కువ. పాత పొయ్యికి ఊదుగొట్టంతో మనిషి ఊపిరి ఊదాలి. ఈ పొయ్యికి గొట్టమే ఊపిరి తీసుకుంటుంది. ఆ గొట్టం నిండిందంటే ఇది మూడు రాళ్ల పొయ్యి కంటే కూడా అధ్వానం. గోడలన్నీ మూసి ఉండటంతో పొగకు పొయ్యినోరు తప్ప వేరే దారి ఉండదు, అది తిన్నగా కట్టె తోసే మనిషి ముఖం మీదికి వస్తుంది.

1983లో ప్రయోగంగా మొదలై, 1985 నుంచి దేశమంతా సాగిన జాతీయ మెరుగైన పొయ్యిల పథకం 2002లో ఆగిపోయేలోపు సుమారు మూడున్నర కోట్ల పొయ్యిలను ఇళ్లకు చేర్చింది. మా అమ్మ పొయ్యి వాటిలో ఒకటి. లెక్కల్లో ‘కట్టినవి’ అని ఒక గడి ఉండేది. ‘మసి తీసినవి’ అనే గడి ఉండి ఉంటే కథ వేరుగా నడిచేదని నా నమ్మకం.

ఇది ఊహ కాదు. ఒడిశా పల్లెల్లో సుమారు 2,600 కుటుంబాలను నాలుగేళ్ల పాటు వెంబడించిన ఒక పరిశోధన ఉంది. చేసినవాళ్లు రేమా హన్నా, ఎస్తర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్. డఫ్లోకు 2019లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. కొత్త పొయ్యి పెట్టిన మొదటి ఏడాది వంట చేసేవాళ్ల లోపలికి పోయే పొగ తగ్గింది. ఆ తర్వాత ఆ మేలు కనబడలేదు. జనం పొయ్యిని సరిగా వాడలేదు, మరమ్మతు చేయించుకోలేదు, వాడకమే తగ్గించేశారు. ఒడిశా పల్లెలో నాలుగేళ్లు కొలిచి తేల్చింది మా ఇంట్లో రెండేళ్లలో జరిగింది.

ఇద్దరి మధ్యా పడిపోయిన పని

ఎందుకు ఎవరూ మసి తీయలేదు? బద్ధకం అనడం తేలిక, కానీ అది నిజం కాదు. పొయ్యిని మా ఇళ్లలో చూసుకున్నంత శ్రద్ధగా మరే వస్తువునూ చూసుకోరు. వారానికోసారి ఎర్రమట్టి, పేడ కలిపి అలుకుతారు, గడ్డల మీద ముగ్గు పెడతారు, పండగకు పసుపు కుంకుమ పెడతారు. అదంతా ఇంటి ఆడవాళ్ల పని. మిద్దె సంగతీ అంతే. వానకు ముందు చవుడు పరిచింది, పగుళ్లు పూడ్చింది, ఇప్పుడు ట్యాంకు కడిగేది, డిష్ తిప్పేది మగవాళ్లు.

గొట్టం మాత్రం ఆమె పొయ్యి దగ్గర మొదలై ఆయన మిద్దె మీద తేలుతుంది. సగం ఆమెది, సగం ఆయనది. కింద పొగ చుట్టుకున్నప్పుడు బాధ ఆమెకు, మందు మాత్రం ఆయన తిరిగే చోట ఉంది. చీరకట్టుతో నిచ్చెనెక్కి మిద్దె అంచున నిలబడి గొట్టం దులపడం ఊళ్లో బాగుండదని ఆమె ఎక్కదు. వంటింటి పొగ తన కంట్లో పడదు కాబట్టి ఆయనకు గుర్తు రాదు. “పొగ సుట్టుకుంటాంది, ఒగసారి మిద్దెక్కి సూడప్పా” అని మా అమ్మ నన్ను ఎన్నిసార్లు అడిగిందో. “రేపు చూస్తాలే మా” అని నేను ఎన్నిసార్లు అన్నానో. ఆ పొయ్యి పనికిరాకుండా పోయింది ఇంజినీరు లెక్క తప్పి కాదు. ఇంట్లో పనులు పంచుకున్నప్పుడు ఈ ఒక్క పని ఎవరి పేరునా రాయలేదు. ఈ మాట చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ఇక్కడి కట్టె, ఇక్కడి మసి

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. అదీ ఏ ఏడు పడుతుందో ఏ ఏడు పడదో. అందుకే ఇక్కడ పొయ్యిలోకి పోయేది ఏటా మారుతుంది. కంది పండిన ఏడు కందికట్టె. వేరుశనగ పండిన ఏడు కాయ ఒలిచిన పొట్టు. కాయ బరువులో పావు వంతుకు పైగా పొట్టే. ఏమీ పండని ఏడు కంపే దిక్కు. సర్కారు తుమ్మ అని కూడా పిలిచే ఈ చెట్టు మన దగ్గరికి వచ్చిన కాలం గుర్తుపెట్టుకోదగ్గది. 1876-78 మహాకరువు దత్తమండలాలను ఊడ్చేస్తున్న రోజుల్లోనే, అడవిశాఖ వాళ్లు జమైకా నుంచి విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించారు. ఇప్పుడు చెరువు కట్ట, బీడు, బాట పక్క, ఎక్కడ చూసినా అదే. ముల్లు గుచ్చుకుంటే పుండు పడుతుందని తిడతాం, పొద్దున లేచి దాన్నే కొట్టి తెచ్చుకుంటాం.

ఎండిన కంప బాగా మండుతుంది, బొగ్గు గట్టిగా పడుతుంది. పచ్చిది పొయ్యిలో పెడితే అసలు కథ మొదలవుతుంది. దానిలోని తేమ ఆవిరై గొట్టంలో చల్లబడి, పొగలోని జిగురుతో కలిసి గోడలకు తారులా అంటుకుంటుంది. వేరుశనగ పొట్టు కుమ్మరిస్తే మంట లేకుండా కుములుతూ దట్టమైన పొగ వదులుతుంది. కందికట్టె గుప్పున మండి ఆరిపోతుంది, సన్న బూడిద ఎగిరి గొట్టం మలుపులో పడుతుంది. పిడక బూడిద సంగతి చెప్పనక్కర్లేదు. మేస్త్రీలు ‘మంచి దుంగలు’ లెక్కలో పెట్టుకుని మూడు నాలుగంగుళాల గొట్టం దించిపోతే, కరువు ఇంట్లో దానిలోకి పోయేది ఈ కలగాపులగం. కొద్ది నెలల్లోనే గొట్టం లోపలి సందు బాగా తగ్గిపోతుంది.

పల్లెలో పొగ ఎంత అన్నది కొలిచినవాళ్లున్నారు. చెన్నై శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం ఉమ్మడి రాష్ట్రంలో నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లోని 420 ఇళ్లలో గాలిని కొలిచి 2004లో ఫలితాలు ప్రచురించింది. రోజు మొత్తం సగటు తీస్తే గ్యాస్ ఇళ్లలో ఘనపు మీటరు గాలిలో 73 మైక్రోగ్రాముల సన్నని ధూళి ఉంటే, కట్టె, పేడ వాడే ఇళ్లలో 732 దాకా ఉంది. పదింతలు. ఎక్కువగా పీల్చింది వంట చేసే ఆడవాళ్లు.

మసి వల్ల మనిషికి ఏమవుతుందో లోకానికి మొదట తెలిసిందీ గొట్టాల దగ్గరే. లండన్ ఇళ్ల పొగగొట్టాల్లోకి చిన్నపిల్లల్ని దూర్చి దులిపించేవాళ్లు. వాళ్లు పెద్దయ్యాక వచ్చే ఒక రకం క్యాన్సర్‌కు మసే కారణమని 1775లో పెర్సివాల్ పాట్ అనే వైద్యుడు రాశాడు. ఒక వృత్తికీ క్యాన్సర్‌కూ ముడిపెట్టిన తొలి పరిశీలనల్లో అది ఒకటి. మసి చేతికి అంటితే సబ్బుతో కడుక్కోమనేది ఇందుకే. ముక్కుకు గుడ్డ కట్టుకోమనేది కూడా.

గొట్టం దులిపే రోజు

ముందు ఒక చిన్న పరీక్ష. పొయ్యిలో రెండు పుల్లలు వెలిగించి గొట్టం కాస్త వేడెక్కాక, పొయ్యినోటి దగ్గర ఒక ఊదుబత్తి పట్టుకోండి. దాని పొగ లోపలికి వంగి పోతే గొట్టం బతికే ఉంది. నిలువుగా లేస్తే సందు తగ్గింది. మీ వైపు తిరిగితే మూసుకుపోయింది. దీనికి పైసా ఖర్చు లేదు.

దులపడానికి పొయ్యి పూర్తిగా చల్లారిన రోజు కావాలి. బూడిద కింద నిప్పు దాగి ఉంటుంది కాబట్టి రాత్రి ఆర్పిన పొయ్యిని పొద్దున్నే ముట్టకండి, ముందు బూడిద ఎత్తి చూడండి. పాత్రలు, ధాన్యం బయట పెట్టి, పొయ్యినోటికి, పాత్రల బొక్కలకు తడి గోనెసంచి కప్పితే ఇల్లంతా మసి కాదు. ఇక మిద్దె మీదికి. గొట్టం టోపీ తీసి లోపలికి చూడండి. చాలాకాలం వాడని గొట్టమైతే పిచ్చుకో గోరువంకో గూడు కట్టి ఉంటుంది, పిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా ఆగండి. ఈత పొరకను గొట్టానికి సరిపడా కత్తిరించి పొడవైన వెదురు గడకు కట్టి కిందికీ పైకీ ఆడించాలి. గడ లేకపోతే తాడుకు గుడ్డల ఉండ కట్టి, దాని అడుగున బరువుకు రాయి కట్టి దించి లాగినా సరే. ఇనుప చువ్వ మాత్రం వద్దు. మన పల్లెల్లో కరెంటు సర్వీసు తీగ మిద్దె మీదుగా చేతికందేంత ఎత్తులో పోతుంది.

మసి రాలి కింద మలుపులో పడుతుంది. అసలు అడ్డం ఎప్పుడూ అక్కడే. పాత్ర బొక్కలోంచి చెయ్యి పెట్టి, లేదా పొడుగు గరిటెతో అది తోడేయకపోతే పైన ఎంత దులిపినా వృథా. ఆ తర్వాత గొట్టం స్లాబును తాకే చోట పగుళ్లు చూడాలి, లోపలి దారి గోడ ఎక్కడైనా కూలిందేమో చూడాలి, మట్టి, పేడ కలిపి పూడ్చాలి. పాత్ర బొక్కలో సరిగ్గా కూచోకపోతే ఆ సందులోంచి చల్లగాలి దూరి లాగుడు చచ్చిపోతుంది. రెండో బొక్క మీద పాత్ర లేనప్పుడు దాన్ని మూత పెట్టి మూయాలి. చాలా ఇళ్లలో పొగకు కారణం ఇంత చిన్నదే. రోజూ వెలిగే పొయ్యికి నెలకోసారి కింది మలుపు, ఏడాదికి రెండుసార్లయినా పైనుంచి కింది దాకా దులపాలన్నది నా సలహా. ఉగాదికి, దసరాకు ఇల్లు బూజు దులుపుతాం కదా, అదే రోజు.

పాత పథకాల గొట్టాలు చాలావరకు ఆస్బెస్టాస్ సిమెంటువి. వాటిని రంపంతో కోయకండి, సుత్తితో పగలగొట్టకండి. వాటి పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత జబ్బు చేస్తాయి. తీయాల్సి వస్తే నీళ్లతో బాగా తడిపి ముక్క చేయకుండా తీయాలి. మంట తగిలితే అవి పెళ్లున పగులుతాయి కూడా. కొత్తగా పెట్టేవాళ్లు జీఐ రేకు గొట్టమో, కుమ్మరి చేసిన కాల్చిన మట్టి గొట్టమో పెట్టుకోవడం మేలు.

ఎత్తు సంగతి. గొట్టం పిట్టగోడ కంటే కనీసం రెండడుగులు పైకి పోవాలి. ఆషాఢమాసంలో మన పీఠభూమి మీద వీచే పడమటి గాలి సామాన్యమైంది కాదు. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని నమ్ముకునే. పొట్టి గొట్టమైతే అదే గాలి పిట్టగోడకు కొట్టి, సుడి తిరిగి, పొగను మళ్లీ ఇంట్లోకి నెట్టేస్తుంది. ఆషాఢంలోనే పొగ ఎక్కువైందంటే మసి కంటే ముందు ఎత్తును అనుమానించండి.

ఒక్క నిప్పురవ్వ, ఏడాది మేత

గొట్టంలోని తారు మసి ఒక్కోసారి తానే అంటుకుంటుంది. గొట్టంలోంచి గుర్రుమనే చప్పుడు, పైన టోపీ దగ్గర నిప్పురవ్వలు, చెయ్యి పెట్టలేనంత వేడి, ఇవి గుర్తులు. వెంటనే కట్టె బయటికి లాగి ఆర్పండి, పొయ్యినోరు, పాత్ర బొక్కలు తడి మట్టితోనో తడి గోనెతోనో మూసేయండి. గాలి అందకపోతే మంట చస్తుంది. పైనుంచి నీళ్లు పోయకండి, కాలిన గొట్టం పగిలి ఆవిరి ఎగదన్నుతుంది. అందరినీ బయటికి పంపి 101కి ఫోన్ చేయండి.

బోద కొట్టాల్లో ఉండేవాళ్లకు ఈ భయం రెట్టింపు. బోదలోంచి గొట్టం పోతుంటే చుట్టూ జానెడు ఖాళీ ఉంచి రేకు బిగించాలి. ఇంకా మంచిది, పొయ్యిని కొట్టానికి దూరంగా, రేకు కింద పెట్టుకోవడం.

వామి గురించి చెప్పకపోతే ఈ కథనం అనంతపురం కథనం కాదు. వేరుశనగ కట్టె వామి వేసుకున్న రైతుకు అదే బ్యాంకు. పంట పోయినా ఆ మేత ఉంటే ఎద్దులు, పాడి నిలుస్తాయి. మార్చి, ఏప్రిల్ ఎండల్లో పొద్దున ఎత్తిన బూడిదను తీసుకెళ్లి పెంటదిబ్బలో పోస్తాం. అడుగున రెండు కణికలు బతికే ఉంటాయి. మధ్యాహ్నం గాలి లేస్తుంది. దిబ్బ పక్కనే వామి. బూడిదలో నీళ్లు చల్లి, ఒక రోజంతా రేకు డబ్బాలో ఉంచి, చేత్తో తాకి చల్లగా ఉందని చూశాకే పారబోయండి. మా ఊళ్లో ఒక వామి కాలిన సాయంత్రం ఆ ఇంటాయన ఏడవలేదు, తిట్టలేదు. ఎద్దుల దగ్గరికి పోయి వాటి మెడ నిమురుతూ కూచున్నాడు. నెల తిరక్కముందే వాటిని సంతకు తోలాడు.

కనబడని పొగ

బాలింత గదిలో కుంపటి పెట్టడం మన సీమలో ఉన్న అలవాటే. తల్లీబిడ్డలకు చలి తగలకూడదని కిటికీ మూసి, తలుపు వేసి, బొగ్గుల కుంపటి, సాంబ్రాణి పెడతారు. ప్రేమతో చేసే ఈ పని ప్రాణం తీయగలదు. బొగ్గు కణకణలాడేటప్పుడు పొగ కనబడదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటాం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి, ఆ మత్తును నిద్ర అనుకుంటారు. కుంపటి వాకిట్లోనే రాజేసి, గది వేడెక్కాలంటే తలుపు తెరిచి కాసేపు మాత్రమే ఉంచి, పడుకునే ముందు బయట పెట్టేయాలి. గదిలో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే ఆలోచించకండి, బయటి గాలిలోకి తెచ్చి 108కి ఫోన్ చేయండి. దగ్గరున్న ఆడవాళ్లు ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పాలి. అవ్వలు మంచి మనసుతోనే కుంపటి పెడతారు, కారణం చెబితే తీస్తారు కూడా.

గ్యాస్ వచ్చాక కూడా

1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్వల, 2024 దీపావళికి మొదలైన ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, ఇవన్నీ మా పల్లెకు కూడా వచ్చాయి. పొగ కథ ముగిసినట్టేనా? ఒక ఉదయం లేచి చూస్తే తెలుస్తుంది. టీ, కూర, పిల్లల టిఫిను గ్యాస్ మీద. స్నానాల నీళ్లు, ఆదివారం మాంసం, పండగ ఓళిగలు కట్టెపొయ్యి మీద. రాగి సంగటి సంగతి చెప్పాలంటే, ముద్ద దగ్గర పడేటప్పుడు కుండను కాళ్లతో, గుడ్డతో అదిమి పట్టి బలంగా కెలకాలి. గ్యాస్ స్టవ్ మీద అది కుదరదు, స్టవ్వే కదిలిపోతుంది. జొన్నరొట్టె పెనానికి పరచుకున్న మంట కావాలి. అవసరం ఉన్నంత కాలం కట్టెపొయ్యి ఉంటుంది. దాన్ని సిగ్గుపడాల్సిన పాతదనంగా చూస్తే గొట్టం సంగతి ఇంకా మరచిపోతాం.

రెండు పొయ్యిలూ ఒకే గదిలో ఉన్న ఇళ్లను చూస్తే మాత్రం నాకు గుండె జారుతుంది. గ్యాస్ గాలికంటే బరువైంది, లీకైతే నేల మీద పరచుకుని పక్కనున్న కట్టెపొయ్యి నిప్పును వెతుక్కుంటుంది. సిలిండరున్న గదిలో కట్టె వెలిగించకండి. చోటు లేకపోతే కట్టెపొయ్యినే బయట రేకు కిందికి మార్చండి. రబ్బరు ట్యూబు ఐదేళ్లకోసారి మార్చాలి. వాసన వస్తే స్విచ్చు వేయకుండా, తీయకుండా, రెగ్యులేటరు ఆపి, కిటికీలు తెరిచి, బయటికి పోయి 1906కి చెప్పాలి.

అనంతపురం, హిందూపురం అపార్టుమెంట్లలో ఇప్పుడు కరెంటు చిమ్నీలు వచ్చాయి. గొట్టం వేరు, కథ అదే. మన తాళింపుల నూనె జిడ్డు దాని జల్లెడలో పేరుకుంటుంది, జిడ్డు అంటుకుంటే మండుతుంది. పది పదిహేను రోజులకోసారి వేడినీళ్లు, సబ్బుతో కడగాలి. దాన్ని ఎవరు కడుగుతున్నారో మీ ఇంట్లో అడిగి చూడండి.

ఈ ఏడు ఉగాదికి ముందు ఆదివారం నేను మా ఊరు పోయాను. ఈత పొరక, వెదురు గడ సిద్ధం చేసుకుని మిద్దె ఎక్కాను. గొట్టం టోపీ తుప్పుపట్టి చేతిలోనే విరిగింది. కింద వదిన పొయ్యినోటికి తడి గోనె పట్టుకుంది. గడ దించుతుంటే మొదట అరచెయ్యంత గూడు, గడ్డి, ఏదో పిట్ట ఈకలు వచ్చాయి. తర్వాత నల్లటి పెంకులు. తర్వాత జలజల మసి. “ఇంగ సాలు మరిదీ, గోనె నిండింది” అని కింది నుంచి వదిన అరిచింది. అయినా పది నిమిషాలు ఆడించాను. అడుగు మలుపులో నుంచి రెండు బొచ్చెల నిండా తోడింది ఆమె.

అమ్మ వాకిట్లో కూచుని చూస్తూ ఉంది. ఇప్పుడు ఆమె వంట చేయడం లేదు, నడవడమే కష్టం. “ఇన్నేండ్లకు ఎక్కినావా నాయనా” అని మాత్రం అంది. దెప్పినట్టు లేదు ఆ మాట. నేనేం మాట్లాడలేకపోయాను.

వదిన రెండు కందిపుల్లలు వెలిగించి పొయ్యిలో పెట్టింది. కాసేపాగి, దేవుడి గూట్లోంచి ఊదుబత్తి ఒకటి తెచ్చి అమ్మ చేతికిచ్చి, చెయ్యి పట్టి పొయ్యి దగ్గర పీట మీద కూచోబెట్టింది. అమ్మ దాన్ని పొయ్యినోటి దగ్గర పట్టుకుంది. సన్నటి పొగ ఒక్క క్షణం నిలువుగా లేచింది. తర్వాత మెల్లగా వంగి లోపలికి పోయింది.